పాటకీ పాటకీ మధ్య డీజే మైకు పట్టుకోవాలా, వద్దా?

బెజవాడ బీపీఎం:
అందరికీ నమస్తే. బెజవాడలో ఆరేళ్ళుగా డీజే చేస్తున్నాను. ముహూర్తాలు ఉన్నప్పుడు సంగీత్‌లు, రిసెప్షన్లు, అవి లేనప్పుడు శనాదివారాలు బందరు రోడ్డు వైపు ఒక హోటల్లో క్లబ్ నైట్. మొదట్నుంచీ నాది ఒకటే పద్ధతి, మైకు ముట్టుకోను. ఒక పాట బీట్‌లోకి ఇంకో పాట బీట్ ఎక్కించి, డ్యాన్స్ చేసేవాళ్ళకి తెలిసేలోపు పాట మారిపోవాలి, డీజే పని అదేనని నేర్చుకున్నాను. రాత్రంతా ఎక్కడా తెగకుండా అలా నడిచిందంటే ఇంటికెళ్ళాక కూడా నిద్ర పట్టదు, అంత సంతోషంగా ఉంటుంది.

పోయిన నెల మేనేజర్ గారు పిలిచి, "నువ్వు ఒక్క మాటా మాట్లాడవు, లోపల డీజే ఉన్నాడనే ఎవరికీ తెలియట్లేదు, ఈ మాత్రానికి పెన్‌డ్రైవ్ పెట్టుకుంటే సరిపోతుంది కదా" అన్నారు. చాలా బాధేసింది. ఆ శనివారమే మైకు పట్టుకున్నాను. పావుగంట తిరక్కుండానే టిష్యూ పేపర్ల మీద రాసిన బర్త్‌డే చీటీలు రావడం మొదలైంది, ఒకళ్ళకి చెబితే పక్క టేబుల్ వాళ్ళు ఊరుకోరు కదా, అన్నీ చదివాను. తొమ్మిదిన్నరకి ఫ్లోర్ నిండుగా ఉంది, బిల్డప్ (బీట్ పెరుగుతూ ఊపు ఎక్కించే ముక్క) పైకి పోతోంది, ఇంక డ్రాప్ (ఆ తర్వాత అసలు బీట్ ఒక్కసారిగా పడే చోటు) పడాలి, సరిగ్గా అక్కడ నేను ఎవరిదో పెళ్ళిరోజు శుభాకాంక్షలు చదివాను. లేచిన చేతులు లేచినట్టే దిగిపోయాయి. సగం మంది వెళ్ళి కూర్చున్నారు, మళ్ళీ వాళ్ళని లేపడానికి నాకు అరగంట పట్టింది.

తర్వాతి వారం అదే హోటల్‌కి బయటి ఊరి నుంచి ఒక డీజే వచ్చాడు. పాట పాటకీ మాట్లాడాడు, పాట మీద కూడా మాట్లాడాడు, జనం మాత్రం ఊగిపోయారు. ఇప్పుడు నాకు నిజంగానే అర్థం కావట్లేదు, తప్పు మైకుదా, నాదా? మాట్లాడాలంటే ఎప్పుడు, ఎంత, ఏ భాషలో? పని తెలిసినవాళ్ళూ చెప్పండి, ఊరికే డ్యాన్స్ చేయడానికి వెళ్ళేవాళ్ళూ చెప్పండి.

పటమట కుర్రాడు:
వద్దన్నా. ఒక పాట కోసం గంటసేపు చూస్తాం, మొత్తానికి అది పడుతుంది, పల్లవి మొదటి లైను అందరం కలిసి అరుద్దామని ఊపిరి పీల్చుకుంటాం, అప్పుడు డీజే "హలో విజయవాడా" అని మొదలుపెడతాడు. ఆ లైను పోయిందంటే పోయినట్టే, రెండోసారి వచ్చినప్పుడు ఆ ఊపు ఉండదు. నేను డబ్బులు కట్టి వచ్చేది పాట కోసం.

గుంటూరు మైకుసెట్టు:
తమ్ముడూ, మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు అరవై దాటాయి, క్లబ్బులు నాకు తెలియవు కానీ నీ ప్రశ్న మా ఇంట్లో పుట్టి పెరిగిన ప్రశ్న, అందుకని రాస్తున్నాను. మా నాన్నకి మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ, నాటకాలకీ వెళ్ళేవాళ్ళం, నేను బాక్సు మోసేవాణ్ణి. నా చిన్నప్పటికి ఇంకా నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నల్లటి రికార్డులే. ఒక వైపు మూడు నిమిషాలు వస్తుంది, అంతే. అయిపోగానే ముల్లు ఎత్తాలి, రికార్డు తిప్పాలి, ముల్లు అరిగితే అది విప్పి కొత్తది బిగించాలి (ఉక్కు ముల్లు, ఇట్టే అరిగిపోయేది, అరిగినదాంతో వేస్తే రికార్డు పాడైపోతుంది), ఇవన్నీ చేసి మళ్ళీ పాట అందుకునేసరికి అర నిమిషం గడిచేది. ఆ అర నిమిషం పందిరంతా బోసిపోయేది. అందుకే నాన్న మైకు అందుకునేవాడు. పెళ్ళివారి బస్సు వచ్చిందనో, రెండో పంక్తి లేవబోతోందనో, ఫలానావారి అబ్బాయి తప్పిపోయి మైకు దగ్గర ఉన్నాడనో చెప్పేవాడు. మాట ఖాళీని నింపేది.

రేడియో కూడా అంతే. బెజవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది, నేను వినే నాటికి పాటకి ముందు సినిమా పేరు, రాసిందెవరు, స్వరం కట్టిందెవరు, పాడిందెవరు అన్నీ చెప్పేవాళ్ళు. ఆ నాలుగు ముక్కలు వినీ వినీ మా తరానికి పాటలు రాసినవాళ్ళ పేర్లు నోటికి వచ్చాయి. ఇప్పటి పిల్లలకి పాట వచ్చు, రాసినవాళ్ళ పేరు రాదు. అది నాకు నిజంగా దిగులుగా ఉంటుంది.

ఇప్పుడు నీ సంగతికి వస్తే, నీ దగ్గర పాటలు వేసే డెక్కులు రెండు ఉన్నాయి, ఒకటి ఆడుతుండగానే ఇంకోటి సిద్ధంగా ఉంటుంది. మా నాన్నకి ఉన్న ఖాళీ నీకు లేదు. ఖాళీ లేనిచోట మాట దూర్చాలంటే ఏదో ఒకటి తోసెయ్యాలి, నువ్వు ఆ శనివారం డ్రాప్‌ని తోసేశావు, అదే జరిగింది.

అలాగని మాటా పాటా కలవవని మాత్రం అనను. షేక్ నాజర్ గారి పేరు వినే ఉంటావు, మా జిల్లా పొన్నెకల్లు ఆయనది, బుర్రకథకి 1986లో పద్మశ్రీ ఇచ్చారు. చిన్నప్పుడు మా ఊళ్ళో ఆయన కథ చూశాను. పాట ఆపి వచనంలోకి దిగుతారు, ఒక పక్క వంత హాస్యం చెబుతాడు, ఇంకో పక్క వంత రాజకీయం చెబుతాడు, జనం నవ్వుతారు, ఆ నవ్వు ఇంకా ఆరకముందే డక్కీ అందుకుంటుంది. ఒక్కసారి కూడా మేము పాట ఆగిందని అనుకోలేదు. ఎందుకంటే ఆ మాట కథలోదే. నువ్వు చదివిన చీటీ నీ కథలోది కాదు. ఆ బయటి డీజే మాటలు బహుశా అతని కథలోవి అయ్యుంటాయి, ఈసారి వస్తే ఎక్కడెక్కడ మాట్లాడుతున్నాడో చెవి పెట్టి విను.

బెజవాడ బీపీఎం:
బాబాయ్ గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. నిజమే, ఆ చీటీలు నావి కావు. ఆ డీజే సెట్ ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో ఉంది, ఇవాళ రాత్రి కూర్చుని వింటాను.

రికార్డుల పిచ్చి:
ఈ గొడవ మన ఊళ్ళో మొదలైంది కాదు, తెలిసినంతవరకు చెబుతాను. అసలు డిస్క్ జాకీ అన్న మాటే అమెరికా రేడియోలో పుట్టింది, పాటల మధ్య మాట్లాడేవాడికే ఆ పేరు. జమైకాలో అయితే ఇప్పటికీ రికార్డు వేసేవాణ్ణి సెలెక్టర్ అంటారు, మైకులో మాట్లాడేవాణ్ణి డీజే అంటారు. అంటే అక్కడ లెక్కన మీరు సెలెక్టర్, మీ మేనేజర్ అడుగుతున్నది డీజేని. అవి ఇద్దరు మనుషుల పనులు, మిమ్మల్ని ఒక్కళ్ళనే రెండూ చెయ్యమంటున్నారు.

ఇంకో సంగతి చూడండి. 1960ల చివర్లో జమైకాలో రికార్డుకి ఒక వైపు పాట, రెండో వైపు అదే పాటని గొంతు తీసేసి వెయ్యడం మొదలైంది. దాన్ని వెర్షన్ అనేవాళ్ళు. ఆ గొంతు లేని వైపు మీదే మైకువాళ్ళు మాట్లాడేవాళ్ళు. యూ-రాయ్ అనే ఆయన 1970లో అలా మాట్లాడిన రికార్డులే అక్కడ పెద్ద హిట్లు అయ్యాయి. అంటే ఊరంతా మాట్లాడే మనుషులే ఉన్నచోట కూడా మాటకి చోటు వదిలిపెట్టి మాట్లాడారు, పాడుతున్న గొంతు మీద ఎక్కి తొక్కలేదు. మన సినిమా పాటల్లో అయితే పల్లవి, చరణం, మధ్యలో బీజీఎం, ఎక్కడ చోటు ఉందో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అయినా మనవాళ్ళు సరిగ్గా పల్లవి మీదే అరుస్తారు. పటమట కుర్రాడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్.

ఆ జమైకా నుంచి చిన్నప్పుడే న్యూయార్క్ వచ్చిన కుర్రాడు కూల్ హెర్క్. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్లో తన చెల్లెలి పార్టీలో రికార్డులు వేశాడు, హిప్‌హాప్ అక్కడ పుట్టిందని చెబుతారు. ఆయన పాటలో డ్రమ్ములు మాత్రమే ఉండే ముక్కని రెండు కాపీలతో సాగదీసేవాడు, ఆయన స్నేహితుడు కోక్ లా రాక్ మైకులో పేర్లు పిలుస్తూ మాట్లాడేవాడు. అక్కడ కూడా ఇద్దరు మనుషులు, మళ్ళీ గొంతు లేని చోటే మాట.

అదే ఊళ్ళో అంతకు మూడేళ్ళ ముందు, 1970లో, డేవిడ్ మాంకూసో తను ఉండే ఇంట్లోనే లాఫ్ట్ అనే పార్టీలు మొదలుపెట్టాడు. ఆయన మీలాంటివాడు, ఇంకా గట్టివాడు కూడా. మాట లేదు సరే, కొన్నాళ్ళకి మిక్సింగ్ కూడా మానేశాడు, పాట మొదటి నుంచి చివరి వరకు పూర్తిగా వేసి, అయిపోయాక ఇంకో పాట. జనం పాటకీ పాటకీ మధ్య చప్పట్లు కొట్టేవాళ్ళు. ఖాళీ ఉంటే మాటే నింపాలని లేదు, చప్పట్లు కూడా నింపుతాయి.

ఇంగ్లండ్‌లో విగన్ క్యాసినో అని 1973 నుంచి 1981 వరకు నడిచింది. రాత్రంతా డ్యాన్స్, మద్యం అమ్మేవాళ్ళు కాదు, అమెరికాలో ఆడక మూలన పడ్డ 1960ల సోల్ (అక్కడి నల్లజాతివారి పాటల బాణీ) రికార్డులు వెతికి తెచ్చి వేసేవాళ్ళు. అక్కడ డీజేలు మైకులో పాట పేరు, పాడినవాళ్ళ పేరు చెప్పేవాళ్ళు, జనం ఆ పేర్లు గుర్తుపెట్టుకుని రికార్డుల కోసం తిరిగేవాళ్ళు. నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇది. మైకువాళ్ళ బాబాయ్ గారు చెప్పిన రేడియో లాంటిదే. (కొందరు డీజేలు లేబుల్ మీద కాగితం అంటించి దొంగ పేరు చెప్పేవాళ్ళట, పక్క డీజేకి ఆ రికార్డు దొరక్కూడదని. ఒక పేరుకి అంత విలువ ఉండేదన్నమాట.)

లబ్బీపేట నుంచి:
నేను డీజేని కాదు, ఫ్లోర్ మీద ఉండేదాన్ని. ఇందాకటి నుంచి అందరూ ఎప్పుడు మాట్లాడాలో చెబుతున్నారు, ఏం మాట్లాడకూడదో నేను చెబుతాను.

పోయిన సంవత్సరం ఆఫీసు స్నేహితులం ఆరుగురం ఒక చోటికి వెళ్ళాం, ఏ చోటో అనవసరం. బాగానే ఉంది, పాటలు బాగున్నాయి. ఉన్నట్టుండి మైకులో "ఎల్లో టాప్ మేడమ్ సూపర్, మేడమ్‌కి ఒకసారి చప్పట్లు" అన్నాడు. ఆ ఎల్లో టాప్ నేనే. లైటు నా మీదకి తిప్పారు. హాలు మొత్తం నావైపు తిరిగింది, ఇద్దరు ఫోన్లు తీశారు. అతను చెడ్డ ఉద్దేశంతో అన్నాడని నేను అనుకోవట్లేదు, జోష్ పెంచుదామనే అన్నాడు. కానీ బెజవాడ ఎంత ఊరండీ, ఆ హాల్లో మా నాన్నగారికి తెలిసినవాళ్ళు ఇద్దరు ఉండొచ్చు. నేను ఐదు నిమిషాల్లో బయటికి వచ్చేశాను, మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు, మా ఆరుగురిలో ఎవరమూ వెళ్ళలేదు.

మైకు మీ చేతిలో ఉంటుంది, మా చేతిలో ఉండదు. మీరు అన్నదానికి మేము జవాబు చెప్పే దారి లేదు. అందుకే మనిషిని చూపించి మాట్లాడకండి, అందరితో మాట్లాడండి. చీకట్లో ఎవరూ చూడట్లేదన్న ధైర్యంతోనే మాలో సగం మంది డ్యాన్స్ చేస్తాం. ఇంకొక మాట, ఎప్పుడైనా ఫ్లోర్ మీద ఎవరైనా ఇబ్బంది పెడుతుంటే అప్పుడు మాత్రం మైకు తీసుకోండి. పాట తగ్గించి "ముందువరసలో బ్రదర్, కొంచెం వెనక్కి" అని ఒక్క మాట అనండి చాలు. ఆ ఒక్క మాట అన్న డీజే దగ్గరికి మేము ప్రతి శనివారం వస్తాం.

సౌండ్ చెక్:
పై ఆమె చెప్పింది ప్రతి డీజే చదవాలి. నేను సభలకీ, ఫంక్షన్లకీ పి.ఎ. సౌండ్ (మైకులు, పెద్ద స్పీకర్ల పని) చేస్తాను, గుంటూరు, బెజవాడ, తెనాలి మధ్య తిరుగుతుంటాను. మైకు పని గురించి రాస్తాను.

మీ మాట జనానికి చిరాకు తెప్పించడానికి సగం కారణం మాట కాదు, అది వినపడే తీరు. మైకు తల మీద ఉండే జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటారు చూడండి, వీడియోల్లో స్టైల్‌గా ఉంటుంది కానీ అలా పట్టుకుంటే మైకు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని కూడా లాగుతుంది, కూత మొదలవుతుంది, మాట బురదగా వస్తుంది. పిడి పట్టుకోండి, పెదాలకి రెండు వేళ్ళ దూరంలో ఉంచండి. మిక్సర్ మీద మైకు ఛానెల్‌కి ఉండే "లో" నాబ్ (బేస్‌ది) తగ్గించండి, మగ గొంతులో కింద ఉండే గుడగుడ అంతా బేస్‌తో కలిసి ముద్దైపోతుంది. బూత్ మానిటర్ (డీజే వినడానికి పెట్టే స్పీకర్) పక్కనే ఉంటుంది కాబట్టి మాట్లాడేటప్పుడు దాన్ని తగ్గించండి. మిక్సర్ మీద టాకోవర్ బటన్ ఉంటుంది, అది వేస్తే మీరు మాట్లాడినంతసేపు పాట దానంతట అదే తగ్గి మళ్ళీ లేస్తుంది. చాలామంది అది వెయ్యకుండా పాట కంటే గట్టిగా అరుస్తారు, అరుపుకి అరుపు, వినేవాళ్ళకి తలనొప్పి.

ఇక ఎంతసేపు అన్నారు. లెక్క తేలిక. 128 బీపీఎంలో, అంటే నిమిషానికి 128 బీట్ల వేగంలో, 32 బీట్లు అంటే 15 సెకన్లు. ఇంట్రో (గొంతు రాకముందు వచ్చే ముక్క) సాధారణంగా 32 బీట్ల చొప్పున నడుస్తుంది, అందులో మీ మాట 10 సెకన్లలో అయిపోవాలి, మిగతా 5 సెకన్లు పాట ఊపిరి తీసుకోవడానికి. ఇంట్లో పాట పెట్టుకుని, చేతిలో దువ్వెన పట్టుకునైనా సరే, మాట చివరి అక్షరం ఇరవయ్యొకటో బీట్‌కల్లా పడేలా సాధన చెయ్యండి. తబలా వాళ్ళు సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడటానికి ఎలా సాధన చేస్తారో అలాగే.

తాడేపల్లి లాన్స్:
ఫంక్షన్ల సంగతి వేరు, అది కూడా కలపండి. సంగీత్‌లో, రిసెప్షన్లో డీజే మాట్లాడకపోతే కుదరదు. అమ్మమ్మల దగ్గర్నుంచి చిన్నపిల్లల వరకు ఉంటారు, ఎవరి డ్యాన్స్ తర్వాత ఎవరిదో చెప్పాలి, పెళ్ళికూతురు మేనమామని స్టేజీ మీదకి పిలవాలి. యాంకర్‌ని పెట్టుకున్నవాళ్ళకి సరే, పెట్టుకోనివాళ్ళకి డీజేయే దిక్కు.

మైకు నిజంగా అవసరమయ్యేది మాత్రం చివర్లో. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్ వాడకూడదు, మూసిన హాల్లో అయితే శబ్దం లోపలే ఉండాలి. లాన్‌లో పది కొట్టగానే టక్కున ఆపేస్తే పెళ్ళివారు గొడవకి వస్తారు, మగపెళ్ళివారైతే చెప్పక్కర్లేదు. నేను మా డీజేలకి ఒకటే చెబుతాను, 9:40కి పాట తగ్గించి "ఇంక నాలుగు పాటలే, పెద్దవాళ్ళంతా కూడా రండి" అనమంటాను. అప్పటిదాకా కుర్చీల్లో ఉన్నవాళ్ళు కూడా లేస్తారు. ఆపేశాక ఎవరూ ఒక్క మాట అనరు, ముందే తెలుసు కాబట్టి.

పటమట కుర్రాడు:
లబ్బీపేట అక్క రాసింది చదివాక నాది చిన్న కంప్లయింట్ అనిపించింది. పేరు చెప్పే పద్ధతి అయితే నాకూ ఓకే అన్నా. ఎన్నోసార్లు ఫోన్ పైకెత్తి పాట ఏంటో పట్టుకోవాలని చూస్తాను, ఆ గోలలో దొరకదు. కాకపోతే తెలుగులో చెప్పు. "మేక్ సమ్ నాయిస్" అంటే మేము చేసేది నాయిసే, "ఏం బెజవాడా, అలిసిపోయారా" అను, మేము లేదని అరుస్తాం.

బెజవాడ బీపీఎం:
రెండు వారాలు ఆగి రాస్తున్నాను, చేసి చూశాక చెబుదామని.

ముందు ఆ వీడియో విన్నాను. బాబాయ్ గారు చెప్పినట్టే, అతను పాట మీద మాట్లాడాడని నేను అనుకున్నది తప్పు, ఒక్కచోట కూడా గొంతు మీద మాట్లాడలేదు. నాకు నిండుగా వినపడినచోటల్లా అతను బీజీఎంని లూప్ చేసి (అదే ముక్క మళ్ళీ మళ్ళీ తిప్పి) చోటు చేసుకున్నాడు. నేను ఆ రోజు కోపంలో విన్నాను కాబట్టి అది నాకు వినపడలేదు.

తర్వాత మేనేజర్ గారితో కూర్చున్నాను. చీటీలు చదవనని చెప్పాను, ఆయన ఒప్పుకోలేదు, కొంచెం గట్టిగానే అనుకున్నాం. చివరికి బర్త్‌డేలన్నీ కలిపి తొమ్మిదింటికి ఒకేసారి, ఫ్లోర్ ఇంకా నిండకముందే, పేర్లు మాత్రం చదివేలా కుదిరింది. ఎవరినీ చూపించి మాట్లాడేది లేదని, లైటు తిప్పేది లేదని కూడా చెప్పాను, లబ్బీపేట అక్క రాసింది ఫోన్‌లో చూపించాను. చదివి ఏమీ మాట్లాడలేదు, లైట్ల కుర్రాణ్ణి పిలిచి ఆయనే చెప్పారు.

పోయిన శనివారం రాత్రి మొత్తం మీద నాలుగుసార్లే మైకు పట్టుకున్నాను. మొదటిసారి చెయ్యి వణికింది, మాట ముప్పై రెండు బీట్లూ దాటిపోయింది, పల్లవి మొదటి అక్షరం నా గొంతు కింద పడింది, కుర్రాడు ఉంటే తిట్టేవాడు. రెండోసారి సరిపోయింది. మూడోసారి ఒక పాత పాటని కొత్త బీట్‌లోకి కట్టి వేశాను, వెయ్యబోయే ముందు రాసినవారి పేరు, పాడినవారి పేరు, సంవత్సరం చెప్పాను, అంతే, ఇంకేం అనలేదు. ఫ్లోర్ మీద కుర్రాళ్ళు మామూలుగానే ఉన్నారు. వెనక టేబుల్ దగ్గర కుటుంబంతో వచ్చిన ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు, పాట అయ్యేదాకా కూర్చోలేదు. వెళ్ళేటప్పుడు బూత్ దగ్గరికి వచ్చి, ఆ పాట పాడినావిడ పేరు పైకి చెప్పగా విని చాలా ఏళ్ళయిందని అన్నారు.

సౌండ్ చెక్ అన్నా, ఒక డౌట్ మిగిలింది. "లో" నాబ్ తగ్గించాక కూడా నా మాట మొదట్లో "ప" "బ" అక్షరాల దగ్గర ఢప్‌మని గాలి కొడుతోంది. మైకు పక్కకి వంచి మాట్లాడాలా, లేక స్పాంజి తొడుగు కొనుక్కోవాలా?

సౌండ్ చెక్:
ముందు కొంచెం పక్కకి వంచి చూడు తమ్ముడూ, గాలి నేరుగా తగలకూడదు, అంతే. దానికీ తగ్గకపోతే తొడుగు తీసుకో, పెద్ద ఖర్చేం కాదు. ఈ ఆదివారం నేను గవర్నర్‌పేటలోనే ఉంటాను, నీ మిక్సర్ తీసుకురా, కూర్చుని సెట్ చేద్దాం.